షవరు కింద బకెట్టు

మా బండి కనీసం పక్క వీధి మొహమైనా చూడకుండానే అమ్ముడుపోతోంది. సాయంత్రం ఫొటోగ్రాఫర్ వస్తాడు, తాళాలు పుచ్చుకుంటాడు, తోలుకుపోతాడు. అంతే సంగతులు. అతను పెట్టిన షరతు ఒక్కటే: బండిలో స్నానాల అర కింద ఊగులాడుతున్న పైపు బాగుచేసి ఉంచాలి. అంటే నా చేతులతో నేనే ఆ పైపు బిగించి, నా ఆశని నేనే గేటు దాటించాలన్నమాట. పైగా నా వెనక కూర్చుని ఆ పని చేయించేది సాక్షాత్తూ మా ఆయనే.

ఆశ అని ఊరికే అనలేదు. ఆ బండిలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయనా నేనూ కలిసి ఎక్కడికైనా పోవాలని నా కోరిక. ఎక్కడికని అడిగితే చెప్పలేను. ఎక్కడికైనా సరే.

మా ఆయన దూరప్రయాణాల బస్సు డ్రైవరు. పెళ్లి పందిరి ఇంకా విప్పకముందే డ్యూటీ ఎక్కిన మహానుభావుడు. నేను లాండ్రీలో పనిచేస్తాను, ఆసుపత్రి దుప్పట్లూ హోటల్ తువ్వాళ్లూ ఉతికించే పని. ఆయన ఊళ్లన్నీ తిరిగేవారు. ఆ ఊళ్ల దుమ్మంతా ఆయన చొక్కా కాలర్లలోంచి నేను వదలగొట్టేదాన్ని. ఇంటికొచ్చిన రోజు భోంచేసి నడుం వాల్చి, "ఆ కొండ దిగుతుంటే తెల్లారుతుంది చూడూ, ఒకవైపు లోయ, ఒకవైపేమో..." అని మొదలుపెట్టేవారు. ఒకవైపేముందో చెప్పకుండానే గుర్రు వినిపించేది. మిగతా సగం నేను చీకట్లో కళ్లు తెరుచుకుని ఊహించుకునేదాన్ని. అలా ఊహించుకుని ఊహించుకుని ప్రపంచంలో సగం నేనే కట్టాను.

ఆయన రిటైరయ్యే ముందు ఒక పాత మినీబస్సు కొన్నాం. సీట్లు పీకించి, మంచం, పొయ్యిగట్టు, బట్టల అర, కిటికీ పక్కన ఇద్దరు కూర్చునే బల్ల, ఒక మనిషి నిలబడేంత స్నానాల అర పెట్టించాం. సినిమావాళ్లు దాన్నే క్యారవాన్ అంటారట. మేం మాత్రం బండి అనే అంటాం. కర్టెన్లు నేనే కుట్టాను. అన్నీ అమరేసరికి ఆయన కుడికన్ను మసకబారింది. ఆపరేషన్ చేసినా తేరుకోలేదు, రెండోది కూడా అంతంతమాత్రమే. "ఇక స్టీరింగు ముట్టుకోకండి" అన్నాడు డాక్టరు.

డ్రైవర్ని పెట్టుకుందామన్నాను. ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

"నా బండి ఇంకొకడు తోలుతుంటే నేను గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలా? చచ్చినా కూర్చోను."

పోనీ నాకు నేర్పమన్నాను. నేర్పారు, ఒక్క పూట. రెండో గేరు పడకముందే మా సంసారం రివర్సులో పడింది. ఆ సాయంత్రం ఆయన మాట్లాడలేదు, నేను వండలేదు.

అప్పటి నుంచీ బండి గోడవార అలాగే నిలబడి ఉంది. అప్పుడప్పుడూ ఆయన ఇంజను ఆడించి ఆపేసేవారు. పోయిన నెల ఒకరోజు, "కదలని బండి ఎందుకే మనకి? అమ్మేద్దాం" అన్నారు, ఉల్లిపాయలు అయిపోయాయన్నంత తేలిగ్గా. నాకు ఒళ్లు మండిపోయింది. అమ్ముతానన్నందుకు కాదు, ఆ తేలికకి.

ఫొటోగ్రాఫర్ బుద్ధిమంతుడే. పక్షుల ఫొటోలు తీస్తాడట, అడవుల అంచున రోజుల తరబడి ఉండాలట. బండి చూసి మురిసిపోయాడు. అంతా నచ్చింది అనుకుంటుండగా వంగి చక్రాల వెనక బండి అడుగుబల్ల తడిమి, "ఆంటీ, ఇక్కడంతా తడిగా ఉందేంటి?" అన్నాడు. వాననీళ్లేమో అన్నాను. టార్చి వేసి చూసి, "కాదు, షవర్ నీళ్లు బయటికి పోయే పైపు లూజయింది. ఇది బాగుచేయిస్తే ఆదివారం వచ్చి తీసుకెళ్తాను" అన్నాడు.

"బాగుచేయించడం ఏమిటి, నేనే చేస్తా" అన్నారు మా ఆయన. ఆయనకి ఆ మాత్రం పనికి మనిషిని పిలవడం తలవంపులు. కన్ను కనపడకపోయినా చేత్తో తడుముకుని బిగించారు. ఆ పూటకి బాగానే ఉంది. మర్నాడు మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి మళ్లీ కింద తడి. మళ్లీ బిగించారు. మళ్లీ తడి. ఆదివారం వచ్చేసింది, నేను చేస్తే ప్లంబరు ఫోను ఎత్తడం లేదు. అప్పుడు నేను కొంగు దోపుకుని రంగంలోకి దిగాను.

బట్టల అర అడుగున ఒక ప్లైవుడ్ పలక ఉంది. మరలు విప్పి దాన్ని తీస్తే స్నానాల అర కిందకి దారి. దారంటే ఏముంది, పిల్లి దూరేంత. బోర్లా పడుకుని తలా చేతులూ లోపలికి పెట్టాను. ఆయన నా కాళ్ల దగ్గర పనిముట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"ఏం కనిపిస్తోందే?"

"మీ ప్రతాపం."

"సరిగ్గా చెప్పు."

స్నానాల అరకి నేలగా వేసిన ట్రే అడుగు నుంచి పొట్టి గొట్టం ఒకటి దిగుతుంది. దానికి ఒక ప్లాస్టిక్ నట్టు, నట్టు లోపల రబ్బరు వాషరు, అక్కడి నుంచి పైపు వంగి వాడిన నీళ్ల ట్యాంకులోకి పోతుంది. నట్టు చుట్టూ పళ్ల గాట్లు. పైపుకి ఎక్కడా పట్టీ లేదు, తెగిన జోలెలా వేలాడుతోంది.

"దీన్ని రెంచీతో బిగించారా?"

"మరి పళ్లతో బిగించాలా?"

"ఇది ప్లాస్టిక్ నట్టండీ, లారీ చక్రం కాదు. నలిగిపోయింది పాపం. వాషరు చూడండి, పిప్పి పిప్పి అయింది."

"బండన్నాక అదురుతుందే. గట్టిగా పట్టించకపోతే ఊడిపోతుంది. నలభై ఏళ్లు బండి మీద బతికినవాణ్ని, నాకు చెప్పకు."

"కదలని బండి ఎక్కడ అదిరిందండీ?"

నా వెనక పెట్టెలో ఏదో వెతుకుతున్న చప్పుడు మాత్రం వచ్చింది. ఆయన్ని మాటల్లో ఓడించానని నాలో నేనే సంతోషపడ్డాను.

నట్టు విప్పాను. పైపు చివర లోపలంతా తెల్లగా జిడ్డు. వేలు పెట్టి తీశాను. నేను రోజూ లాండ్రీ కాలవలు చూసే మనిషిని. పాత సబ్బు జిడ్డు ఎండిపోయి పెచ్చులుగా రాలుతుంది. ఇది వెన్నలా మెత్తగా జారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంట్లో సబ్బు వాసన. ఈమధ్య సబ్బు బిళ్ల ఇలా తెచ్చానో లేదో అలా అరిగిపోతోందని నేను నెత్తీ నోరూ కొట్టుకుంటున్న ఆ సబ్బే.

నాకు వెంటనే ఏమీ తట్టలేదు. నిజం చెప్పొద్దూ, దొంగ ఎవడో బండిలో కాపురం పెట్టాడేమో అనుకున్నాను.

"ఏమండీ, మీరు లేచి ట్రే మీద చెయ్యి ఆనించి ఒకసారి గట్టిగా నొక్కండి."

ఆయన వెళ్లి నొక్కారు. పలచని ట్రే డబ్బా మూతలా కిందికి దిగింది, దాంతోపాటు గొట్టమూ దిగింది. చెయ్యి తీయగానే మళ్లీ పైకి లేచింది. అదీ సంగతి. ట్రే దిగి లేచినప్పుడల్లా పైపు కదిలి నట్టు వదులవుతోంది. కానీ చేత్తో నొక్కితే ఈమాత్రం దిగిందంటే, రోజూ దీని మీద పడుతున్న బరువేమిటి? ఆ ఇరుకులో మనిషి నిలబడితే జాలీకి అటూ ఇటూ అంచుల మీదే కాళ్లు పెడతాడు, అంచుల కింద ఇనుప చట్రం ఉంది. బరువు నడిమధ్యలోనే పడుతోంది.

నేను వెనక్కి పాక్కుంటూ బయటికొచ్చి స్నానాల అరలోకి తొంగిచూశాను. నీళ్లు పోయే జాలీని ఆనుకుని, ట్రే మీద గుండ్రంగా ఒక మచ్చ. అలాంటి మచ్చ మా ఇంటి స్నానాలగదిలో కూడా ఉంది. నిండు బకెట్టు రోజూ ఒకేచోట పెడితే పడే మచ్చ.

ఈ భూమ్మీద షవరున్న గదిలోకి బకెట్టూ చెంబూ మోసుకెళ్లి స్నానం చేసే మనిషి నాకు తెలిసి ఒక్కరే. "నెత్తి మీద చినుకులు పడితే అది స్నానం ఎలా అవుతుందే, తడవడం అవుతుంది" అని వాదించే మనిషి.

ఆయన అటు తిరిగి స్పానర్లు సర్దుతున్నారు. సర్దినవే మళ్లీ సర్దుతున్నారు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏది?"

"ఏదా! నేను పనికి పోగానే ఇంట్లోంచి బకెట్టు మోసుకొచ్చి ఇక్కడ స్నానం చేస్తున్నారే, అది."

ఆయన ముఖం చూడాలి. జామకాయ దొంగిలించి పట్టుబడ్డ పిల్లాడిలా అయిపోయారు. కాసేపు గడ్డం గోక్కున్నారు. తర్వాత మంచం అంచున కూర్చున్నారు.

"కన్ను పోయిన కొన్నాళ్లకి" అన్నారు. "నువ్వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటుంది. డ్యూటీ ఎక్కేముందు స్నానం చేసి వెళ్లేవాణ్ని కదా. ఇక్కడ నాలుగు చెంబులు పోసుకుని, చొక్కా వేసుకుని, వెళ్లి ఆ డ్రైవరు సీట్లో కూర్చుంటే... ఇంకాసేపట్లో బయల్దేరతానేమో అనిపిస్తుందే."

"ఊరికే కూర్చుంటారా?"

"వెళ్తాను. మనసులోనే. ఒక్కోరోజు ఒక్కో రూటు. మలుపులన్నీ ఇంకా గుర్తే."

"మరి అమ్మేద్దామన్నారు, అంత తేలిగ్గా?"

"తేలిగ్గానా!" ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో వేసుకున్నారు. "రోజూ బయల్దేరి, రోజూ ఈ గోడ దగ్గరే ఉండిపోవడం నావల్ల కావట్లేదే. ఎదురుగా లేకపోతేనైనా మరిచిపోతానని."

నాకు జాలి కలగాలి కదా. కలిగింది కూడా, కానీ దాన్ని తోసుకుంటూ కోపం వచ్చేసింది. ఆ కోపం ఎక్కడ దాక్కుందో, ఎన్నేళ్లదో, ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

"ఆ ప్రయాణాల్లో నేనున్నానా?" అని అడిగాను.

ఆయనకి అర్థం కాలేదు. "నువ్వా? నువ్వు పనికి వెళ్లిపోయేదానివిగా."

"మనసులో వెళ్లే బండికి కూడా నేను ఊళ్లో ఉండాలా అండీ? పక్కసీటు ఖాళీయే కదా! నన్నూ ఎక్కించుకుంటే మీ సొమ్మేం పోయింది? బతుకంతా మీరు వెళ్లారు, నేను గేటు దగ్గర నిలబడ్డాను. సరే, ఉద్యోగం. తప్పదు. ఆఖరికి కదలని బండిలో కూడా నన్నొదిలేసి వెళ్లారా?"

అని, ఇక ఆపుకోలేక ఏడ్చాను. చేతులకి సబ్బు జిడ్డు, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీల్లేదు. ఆయన లేచి వచ్చి తన తువ్వాలుతో నా ముఖం తుడిచారు. సరిగ్గా కనపడక సగం చెవి తుడిచారు.

"నువ్వు రావాలనుకుంటావని నాకెప్పుడూ తట్టలేదే" అన్నారు.

"మరి కర్టెన్లు ఎవరి కోసం కుట్టాననుకున్నారు, కాకుల కోసమా?"

నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు. ఆయన నవ్వలేదు. చాలాసేపు నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"అమ్మొద్దులెండి" అన్నాను మెల్లగా.

"మాటిచ్చాం. ఉంచుకుని మాత్రం ఏం చేస్తాం? నేను తోలలేను. ఇంకొకడు తోలితే చూడలేను." ఆ మాట ఈసారి కోపంగా అనలేదు. తన జబ్బు పేరు డాక్టరుకి చెప్పుకున్నట్టు అన్నారు.

పనిలో పడ్డాం. ముందు పైపూ గొట్టమూ గుడ్డతో తుడిచి జిడ్డంతా వదలగొట్టాను. ట్రే మధ్యలో దిగకుండా కింద ఒక చెక్క దిమ్మ ఉండాలన్నాను. కొలత నేను లోపల్నుంచి జానా బెత్తెల్లో చెబితే, ఆయన వేళ్లతో తడుముకుంటూ రంపంతో కోశారు, ఆకురాయితో అంచులు రుద్దారు. లోపలికి జొనిపితే బిగిసి కూర్చుంది. పెట్టెలోంచి ఆయన వెతికిచ్చిన కొత్త వాషరు, కొత్త నట్టు పెట్టాను. రెంచీ అందివ్వబోయారు.

"వద్దు. చేత్తోనే."

"ఊడుతుందే."

"ఊడదు. నట్టు తప్పేం లేదు ఇందులో. ట్రే కదలకపోతే నట్టూ కదలదు."

చేత్తో పట్టినంత బిగించి, చివర కొంచెం తిప్పి వదిలేశాను. వేలాడే పైపుని పట్టీ వేసి అడ్డకమ్మీకి కట్టాను. ఆయన నా పక్కన బోర్లా పడుకుని, లోపలికి చెయ్యి పెట్టి, నట్టు మీద నా వేళ్ల మీదుగా తడిమి చూశారు. "బాగుంది" అన్నారు. ఆయన నోటి వెంట ఒక పని గురించి ఆ మాట రావడం అంటే మామూలు విషయం కాదు, నేను వండిన ఏ కూరకీ రాలేదు.

కింద పాత పేపర్లు పరిచి, పైన బకెట్టు నిండా నీళ్లు తెచ్చి గుమ్మరించాం. పేపరు మీద ఒక్క చుక్క పడలేదు. సంతోషించాల్సిన సమయం. ఇద్దరం పొడిగా ఉన్న పేపర్ల వంక చూస్తూ కూర్చున్నాం. ఒక్క చుక్కైనా పడితే బాగుండని నేను అనుకున్నాను. ఆయన ఏమనుకున్నారో నేనడగలేదు.

ఫొటోగ్రాఫర్ చెప్పిన వేళకి వచ్చాడు. నీళ్లు పోసి చూశాడు, కింద దూరి చూశాడు, చెక్క దిమ్మ చూసి "భలే ఉంది ఆంటీ, ఎవరు చేశారు?" అన్నాడు. "షవరు వాడుకో బాబూ, బకెట్టు మాత్రం పెట్టకు" అన్నాను. మా ఆయన దగ్గారు. అతను ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. మా ఆయన జేబులోంచి తాళాలు తీసి, అతని అరచేతిలో పెట్టి, ఏ తాళం దేనిదో చెప్పారు. చెప్పిందే మళ్లీ చెప్పారు. అతను ఓపిగ్గా మళ్లీ విన్నాడు.

అతను ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడు వినగానే నాకేమైందో తెలియదు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"బాబూ, పోతూ పోతూ మమ్మల్ని రోడ్డు చివరి దాకా తీసుకెళ్తావా? నడిచి వచ్చేస్తాం."

"అయ్యో ఆంటీ, దానికేముంది, ఎక్కండి!"

"నాకు మోకాళ్ల నొప్పి. నేను రాను" అన్నారు మా ఆయన. ఆయనకి మోకాళ్ల నొప్పి లేదు. ఉన్న నొప్పి ఏమిటో నాకు తెలుసు.

"మీ ఇష్టం" అన్నాను. "ఇన్నాళ్లూ మీరు వెళ్తుంటే నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఇవాళ మీరు నిలబడండి."

అలా అనేసి ఎక్కేశాను. కిటికీ పక్కన బల్ల మీద కూర్చున్నాను. బండి వెనక్కి తిరిగి గేటు దాటింది. కర్టెన్ పక్కకి తీసి చూస్తే ఆయన గేటు రెక్క పట్టుకుని నిలబడి ఉన్నారు. గేటు దగ్గర నిలబడ్డ మనిషి బండిలోంచి చూస్తే ఇంత చిన్నగా కనిపిస్తాడా! ఇన్నేళ్లూ ఆయనకి నేను ఇలాగే కనిపించానా అనుకున్నాను. నా పంతమంతా నీరుగారిపోయింది. ఆపమని చెప్పబోయాను.

అంతలో ఆయన గేటు వదిలేశారు. చెయ్యి ఎత్తి, చెప్పులు టపటపలాడిస్తూ బండి వెంట రాసాగారు. మోకాళ్ల నొప్పి మనిషి! ఫొటోగ్రాఫర్ అద్దంలో చూసి ఆపాడు. ఆయన తలుపు తీసి, ఆయాసపడుతూ ఎక్కారు. అలవాటు కొద్దీ ముందుకి వెళ్లబోయి, డ్రైవరు సీటు వెనక ఆగారు. స్టీరింగు మీద ఉన్న ఆ కుర్రాడి చేతుల వంక చూశారు. చూస్తూ కాసేపు నిలబడ్డారు. తర్వాత కడ్డీ పట్టుకుంటూ వెనక్కి వచ్చి, నా పక్కన కూర్చున్నారు.

బండి కదిలింది. ఆయన కుడిపాదం నేలని నొక్కుతూ ఉంది, మలుపు దగ్గర మరీ గట్టిగా నొక్కింది. నేను ఆయన మోకాలి మీద చెయ్యి వేశాను. కాసేపటికి పాదం తగ్గింది. నాకు తోలడం నేర్పిన ఆ ఒక్క పూట వదిలేస్తే, పెళ్లయిన ఇన్నేళ్లలో కదులుతున్న బండిలో ఆయన నా పక్కన కూర్చోవడం ఇదే మొదలు. భుజానికి భుజం తగులుతోంది. కిటికీలోంచి సైకిళ్ల దుకాణం, గోడ మీద ఆరేసిన చాపలు, ఎవరింటి మెట్ల మీదో జడ వేసుకుంటున్న పిల్ల, ఒక్కొక్కటే వచ్చి పోతున్నాయి. ఆయన మంచి కన్ను అటు తిప్పి తదేకంగా చూస్తున్నారు.

"పక్కన ఇవన్నీ ఉంటాయన్నమాట" అన్నారు. "నేనెప్పుడూ ముందుకే చూశానే."

నేను కర్టెన్ ఇంకాస్త పక్కకి జరిపాను.

రోడ్డు చివర బండి నెమ్మదించింది. ఫొటోగ్రాఫర్ తల తిప్పి, "అంకుల్, ఇక్కడేనా? ఆపనా?" అన్నాడు.

ఆయన నావైపు చూశారు. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నారు.

"మా ఆవిడ చెప్పినప్పుడు ఆపు బాబూ" అన్నారు.

నేను నోరు విప్పలేదు.